‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిరని సినిమావాళ్ళు ఏం చేశారు?

బ్రాడీపేట పాఠకురాలు, గుంటూరు:

అందరికీ నమస్కారం. సూటిగానే అడుగుతాను. మంచి నవలని సినిమాగా తీస్తే, ఆ నవలని ప్రాణంగా చదువుకున్నవాళ్ళు కూడా ‘పర్లేదు, బాగానే తీశారు’ అన్న సందర్భం తెలుగులో ఒక్కటైనా మీకు తెలుసా? ‘దేవదాసు’ పేరు మాత్రం చెప్పకండి. దాని సంగతి కింద చెప్తాను.

మా బ్రాడీపేటలో కొంతమంది ఆడవాళ్ళం కలిసి పుస్తకాలు చదువుకుంటాం. రిటైరైన టీచర్లున్నారు, పిల్లలు అమెరికా వెళ్ళిపోయి పొద్దుపోనివాళ్ళున్నారు, బ్యాంకులో ఉద్యోగం చేసుకునే చిన్నపిల్ల ఒకత్తుంది. నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసి దిగిపోయినదాన్ని. ఈసారి డాక్టర్ పి.శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ పెట్టుకున్నాం. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కథ విశాఖపట్నంలో. ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని కూడా తనే పోషిస్తుంటుంది. మేడమీద గదిలో ప్రకాశం అనే మెడికల్ స్టూడెంట్ అద్దెకుంటాడు. ఇందిరకి అతను కావాలి. కావాలంటే కావాలి, అంతే. కళ్ళు దించుకుని కాలి బొటనవేలితో నేల రాయడాలు లేవు. అతనేమో పిరికివాడు, మేనమామ వచ్చి గదమాయిస్తే వెంట వెళ్ళిపోయే రకం. ఇంకోపక్క కల్యాణి, నెమ్మదస్తురాలు, కష్టాలు పడ్డ పిల్ల. ఇందిర ఆ పిల్లతో స్నేహంగానూ ఉంటుంది, చూసి కుళ్ళుకోనూ కుళ్ళుకుంటుంది. చివరికి కృష్ణమూర్తిని పెళ్ళాడుతుంది, అదీ తన తీరు ఏమీ మార్చుకోకుండా.

ఆవేళ మా ఇంట్లో ఎంత రభస అయిందనుకున్నారు. ‘ఇలాంటిదాన్ని కోడలిగా తెచ్చుకుంటావా’ అని ఒకావిడ. ‘ఇందిరకున్న ధైర్యంలో పావు వంతు నాకుంటే మా అత్తగారి దగ్గర అన్నేళ్ళు నోరు మూసుకుని పడుండేదాన్ని కాదు’ అని ఇంకొకావిడ. బ్యాంకు పిల్లయితే ‘ఇందులో అంత విడ్డూరం ఏముంది ఆంటీ, మా బ్రాంచిలో సగంమంది ఇలాగే ఉంటారు’ అంది. కాఫీలు చల్లారిపోయాయి, ఎవరూ ఒక మాట మీదకి రాలేదు.

దీన్నే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’గా తీశారని తెలిసి టీవీలో యూట్యూబ్ పెట్టుకుని చూశాం. అన్నపూర్ణా పిక్చర్స్, ఆదుర్తి సుబ్బారావు డైరెక్షన్, నాగేశ్వరరావు, సావిత్రి, కృష్ణకుమారి. తక్కువవాళ్ళా! సాలూరి రాజేశ్వరరావు పాటలు నాకు చిన్నప్పట్నించీ నోటికొచ్చు. సినిమాగా చూస్తే హాయిగా నడిచిపోతుంది కూడా. కానీ నేను ఇందిర కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. నవలకి నడిమధ్య నిలబడ్డ మనిషి సినిమాలో పక్కకి జరిగిపోయింది. ఆ జాగాలో ఒద్దికైన హీరోయిన్లు వచ్చి కూర్చున్నారు. ఇ.వి.సరోజ వేసిన పాత్రలో ఇందిర వాసన కాస్త తగుల్తుంది, అంతే. నవల రాసినావిడ ఈ సినిమా చూడలేదు. 1961లోనే, చిన్న వయసులోనే పోయారు. చూసుంటే ఏమనేవారో.

ఫలానా సీన్ తీసేశారని కాదు నా గొడవ. అంత నవలని మూడు గంటల్లో ఎవరూ ఇరికించలేరు, ఆమాత్రం నాకూ తెలుసు. పేర్లు మార్చుకోనీ, ఊరు మార్చుకోనీ. నవల చదువుతున్నంతసేపూ ఈ మనిషిని మెచ్చుకోవాలా తిట్టుకోవాలా అన్నది నాకే వదిలేసింది. సినిమా ఆ పని ముందే చేసేసి, ఈవిడ మంచిది, ఆవిడ కాదు, అని తేల్చి మన చేతిలో పెట్టింది. సినిమా అయ్యాక కాఫీలు వేడివేడిగా తాగేశాం. పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు మరి.

ఇక 1953 నాటి ‘దేవదాసు’. అది శరత్ నవల అని తెలియకముందే నా ఈడువాళ్ళందరం సినిమా చూసేశాం. పుస్తకం తర్వాతెప్పుడో చేతికొచ్చింది. అప్పటికే దేవదాసంటే నాగేశ్వరరావు, పార్వతంటే సావిత్రి. పేజీ తిప్పితే వాళ్ళ ముఖాలే. ఇంక నిరాశ పడ్డానికి చోటేదీ? అందుకని దాన్ని లెక్కలోకి తీసుకోను. ముందు చదివి, తర్వాత చూసి, సంతోషంగా బయటికొచ్చినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

---

గాంధీనగర్ పాత రిప్రజెంటేటివ్, విజయవాడ:

అమ్మా, నమస్కారం. నేను గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేశాను. ఇప్పటి పిల్లలకి తెలీదు గాబట్టి చెప్తున్నా. ప్రింటు బాక్సుతోపాటు మేమూ ఊరు వెళ్ళాలి, హాల్లో తెగిన టిక్కెట్లు లెక్క చూడాలి, రాత్రి డీసీఆర్, అంటే ఆ రోజు వసూళ్ళ లెక్క, రాసి ఆఫీసుకి పంపాలి. ఆటాడుతుంటే గేటు దగ్గర నిలబడి జనం మాటలు వినడం తప్ప వేరే పనుండేది కాదు. ఆ అనుభవంతో రెండు మాటలు.

మీరు చెప్పిన సినిమాకి నేను చిన్నపిల్లాణ్ణి. కానీ ‘సెక్రటరీ’ నాకు బాగా గుర్తు. 1976. యద్దనపూడి సులోచనారాణిగారి నవల. నాగేశ్వరరావుగారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొచ్చి మళ్ళీ ముఖానికి రంగేసుకున్న రోజులు. హీరోయిన్ జయంతిగా వాణిశ్రీ, హీరో రాజశేఖరంగా ఆయన. మ్యాట్నీలకి ఆడవాళ్ళు విరగబడి వచ్చేవారు. సగంమంది నవల బట్టీపట్టినవాళ్ళే. ఇంటర్వెల్లో సోడాల దగ్గర మొదలయ్యేది పంచాయితీ. ‘రాజశేఖరం ఇలా ఉంటాడా?’ ‘రాజశేఖరానికి ఇంత వయసా?’ ‘ఆ కారు చూడు, అదేం కారే!’ యద్దనపూడి హీరోకి కారు ఎంత ముఖ్యమో చదివినవాళ్ళకి తెలుసు. సినిమావాళ్ళు ఎంత పెద్ద కారు తెప్పించినా వాళ్ళు పుస్తకంలో చూసిన కారు అంతకంటే పొడుగు. ఏం చేస్తామమ్మా?

అంతగా తిట్టినవాళ్ళే మర్నాడు చెల్లెల్నీ, వదిననీ వెంటబెట్టుకుని వచ్చేవారు. తిట్టడానికైనా రెండో టిక్కెట్టు తెగేది. మాకు అదే లెక్క.

మీరు అన్నది, ఎవరు మంచో ముందే తేల్చేస్తారని, అది నిజమే. కానీ హాల్లో వెయ్యిమంది కూర్చుంటారు. నవల చదివినవాళ్ళు అందులో నాలుగు వరసలు. మిగతావాళ్ళు పొద్దున్నించీ మిల్లులోనో పొలంలోనో పనిచేసి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఎవరి వైపు ఉండాలో చెప్పకపోతే రెండో రీలుకే ఈలలు మొదలవుతాయి. మీ ఇంట్లో మీరు పదిమంది పోట్లాడుకోవచ్చు. హాల్లో పోట్లాట అయితే కుర్చీలు విరుగుతాయి, ఆ బిల్లు మాకు చూపిస్తారు.

---

కృష్ణలంక కుర్రాడు:

ఆంటీ, నవల్స్ వదిలేసి చిన్న కథల వైపు చూడండి. ‘గ్రహణం’ 2005, మోహనకృష్ణ ఇంద్రగంటి మొదటి సినిమా, జాతీయ అవార్డు కూడా వచ్చింది. చలం ‘దోషగుణం’ కథ. నేను కథ ముందు చదివి సినిమా తర్వాత చూశాను, అంటే మీ కండిషన్ ప్రకారమే. ఎక్కువ భాగం నలుపు తెలుపుల్లో ఉంటుంది. ఆ ఇల్లాలి మీద పడ్డ నింద నిజమా అబద్ధమా అన్నది సినిమా అయ్యాక కూడా నాకు తేలలేదు. మా రూమ్మేట్‌తో రాత్రంతా వాదించాను. మీ భాషలో చెప్పాలంటే కాఫీ చల్లారింది.

‘మిథునం’ కూడా చూడండి. శ్రీరమణగారి కథ, తనికెళ్ళ భరణి 2012లో తీశారు. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప మనుషులు కనపడరు. కథ చిన్నది కాబట్టి డైరెక్టర్ కత్తెర తియ్యక్కర్లేదు, ఇంకాస్త కలుపుకోవాలి. నా ఉద్దేశంలో గుట్టు అక్కడే ఉంది.

అన్నట్టు మీ గుంటూరు నవల ‘మాలపల్లి’ని 1938లోనే సినిమా తీశారుగా? అదెలా ఉందో చెప్పండి.

---

బ్రాడీపేట పాఠకురాలు:

బాబూ, నువ్వు కూడా ఆ గుంటలో పడ్డావా! 1938లో వచ్చింది ‘మాలపిల్ల’. గూడవల్లి రామబ్రహ్మంగారు తీశారు, కథ చలానిది. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ వేరు. ఆయన దాన్ని 1922లో జైల్లో కూర్చుని రాశారు, తెల్లవాళ్ళ ప్రభుత్వం నిషేధించింది. ఆయనా, వాళ్ళావిడా పెట్టిన శారదానికేతనం మా గుంటూర్లోనే ఉంది. ఇలాంటి తికమకే ఇంకోటుంది. 1960 ‘చివరకు మిగిలేది’ సినిమా చూసి బుచ్చిబాబు నవల అనుకునేవాళ్ళు బోలెడుమంది. పేరొక్కటే కలిసింది. అది బెంగాలీ సినిమాకి రీమేక్, సావిత్రి నర్సుగా వేసింది. బుచ్చిబాబు నవల్లో హీరో దయానిధిని నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ తెరకెక్కించలేదు, బతికిపోయాడు.

‘గ్రహణం’ రాసిపెట్టుకున్నాను. తప్పకుండా మా వాళ్ళందరికీ చూపిస్తాను. కత్తెర మాట మాత్రం నేను ఒప్పుకోను. కత్తెర వేసినందుకు కాదని పైన చెప్పాను కదా. ఇందిర ఉన్న రెండు సీన్లే ఉంచినా, ఆ రెండింట్లో ఇందిర ఇందిరలాగే ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు.

రిప్రజెంటేటివ్ గారూ, సోడాల దగ్గర పంచాయితీ చదివి పడి పడి నవ్వాను. ఆ తిట్టినవాళ్ళలో మా పెద్దక్క కూడా ఉండే ఉంటుంది. గుంటూర్లో అద్దె పుస్తకాల షాపుకి పొద్దున్నే వెళ్ళకపోతే యద్దనపూడి నవల దొరికేది కాదు, ముందురోజే ఎవరో పట్టుకుపోయేవారు. దొరికినా చివరి పేజీ ఉండేది కాదు! కానీ అన్నయ్యగారూ, మిల్లులో పనిచేసి వచ్చినవాళ్ళకి ఎవరి పక్షం ఉండాలో చెప్పాలన్నారే, అక్కడ మాత్రం మీతో పేచీ. ఆ మిల్లులో పనిచేసే ఆడదానికి ఇందిర మనకంటే బాగా అర్థమవుతుంది. సంపాదించి ఇల్లు నడిపే మనిషికి తన ఇష్టాయిష్టాలు చెప్పుకునే హక్కుందా లేదా అన్నది ఆవిడ రోజూ పడే బాధే. ఈలలు వేసేది ఆవిడ కాదు, ఆవిడ మొగుడు.

---

మంగళగిరి తెలుగు మేడమ్:

మీ చర్చ చదువుతుంటే విశ్వనాథ సత్యనారాయణగారి నవల ‘ఏకవీర’ గుర్తొచ్చింది. విశ్వనాథవారు బెజవాడ మనిషే కాబట్టి ఇక్కడ చెప్పుకోవడం న్యాయం. సినిమా 1969లో వచ్చింది, ఆయనకి ‘రామాయణ కల్పవృక్షం’ మీద జ్ఞానపీఠం ప్రకటించింది 1970కి. డైరెక్టర్ సి.ఎస్.రావు, మాటలు సి.నారాయణరెడ్డి. రామారావు సేతుపతి, కాంతారావు వీరభూపతి, కె.ఆర్.విజయ ఏకవీర, జమున మీనాక్షి.

మధుర నాయకరాజుల కాలం కథ. సేతుపతి మనసు మీనాక్షి మీద, పెళ్ళి ఏకవీరతో. వీరభూపతి మనసు ఏకవీర మీద, పెళ్ళి మీనాక్షితో. ఇద్దరూ ప్రాణస్నేహితులు. ఒకడి భార్యే రెండోవాడి మనసులోని మనిషని వాళ్ళకి తెలీదు. ఈ ముడి ఒక్కటి చాలు, సినిమావాళ్ళకి పండగే. కానీ నవల్లో ఆ ముడి కంటే, ఆ నలుగురూ ధర్మానికీ మనసుకీ మధ్య లోపల్లోపల నలగడం ముఖ్యం. పైకి ఏమీ జరగని పేజీలు ఎన్నో. కెమెరా దాన్ని ఎలా పట్టుకుంటుంది? పాటలే పట్టుకున్నాయి కాస్తోకూస్తో. ఘంటసాల, బాలు కలిసి పాడిన ‘ప్రతిరాత్రి వసంతరాత్రి’, కృష్ణశాస్త్రిగారి రచన, ఇప్పటికీ వింటాం. నేను క్లాసులో పిల్లలకి ఆ పాట వినిపించి, నవల పేరు బోర్డు మీద రాసి వదిలేసేదాన్ని. లైబ్రరీకి వెళ్ళినవాళ్ళు కొందరైనా ఉన్నారు. సినిమా ఆపాటి పనిచేసినా మంచిదేగా.

ఒక్క చోట మాత్రం మీతో గొంతు కలుపుతాను. నవల కాదుగానీ, 1955లో పి.పుల్లయ్యగారు తీసిన ‘కన్యాశుల్కం’. మధురవాణిగా సావిత్రికి వంక పెట్టలేం. కానీ గిరీశంగా రామారావు! గిరీశం దగుల్బాజీ, కోతలరాయుడు. వాణ్ణి చూసి నవ్వుకుంటూనే అసహ్యించుకోవాలి. అంత అందగాణ్ణి పెడితే అసహ్యం ఎక్కణ్ణించి వస్తుందండీ?

---

సత్యనారాయణపురం యండమూరి ఫ్యాన్:

మీలో చాలామంది పాత సినిమాల దగ్గరే ఆగిపోయారు. ‘అభిలాష’ నవల, సినిమా రెండూ సూపర్. 1983, కోదండరామిరెడ్డి, చిరంజీవి, ఇళయరాజా. ఉరిశిక్ష రద్దు చేయించాలని ఒక లాయరు తనే కేసులో ఇరుక్కోవడం. నవల చదివినవాళ్ళు కూడా కుర్చీ అంచు మీద కూర్చుని చూశారు. పాఠకురాలు గారూ, మీ ప్రశ్నకి ఇదే జవాబు.

ఇంకో విషయం. రచయితే డైరెక్టర్ అయితే నవలకి న్యాయం జరుగుతుందని అందరూ అంటారు. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ 1991లో యండమూరిగారే డైరెక్ట్ చేశారు, హీరో చిరంజీవి. ఆడలేదు. నవల నాకు ఇప్పటికీ ఇష్టం. కాబట్టి రచయిత చేతిలో పెట్టినంత మాత్రాన పని జరగదు.

అసలు చూడాల్సింది కన్నడంలో ఉంది. ‘వెన్నెల్లో ఆడపిల్ల’ని 1995లో ‘బెళదింగళ బాలె’గా తీశారు. సునీల్ కుమార్ దేశాయ్ డైరెక్టర్, అనంత్ నాగ్ చెస్ ఆటగాడు. ఫోన్లో మాట్లాడే ఆ అమ్మాయి ముఖం మనకి చూపించరు. గొంతు ఒక్కటే. నేను చదివినప్పుడు ఊహించుకున్న అమ్మాయి చెక్కుచెదరకుండా అలాగే ఉంది నాకు. కన్నడం రాదు, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

---

బ్రాడీపేట పాఠకురాలు:

బాబూ, ఇన్నాళ్ళకి నాకు కావాల్సిన జవాబు చెప్పావు. ‘అభిలాష’ కాదులే, అది నేనూ చూశాను, బాగుంటుంది. కానీ అది ‘తర్వాత ఏమైంది’ అని పరిగెత్తించే నవల. సినిమాకి అలాంటివి సులువు. ఉరి పడుతుందా తప్పుతుందా అన్నదే ప్రశ్న. లాయరు మంచివాడా కాదా అని మా ఇంట్లో ఎవరూ పోట్లాడుకోరు.

ముఖం చూపించకపోవడం అన్నావే, అదీ తెలివి. మనం కల్పించుకున్నది మనకే వదిలేశాడు ఆ డైరెక్టరు. సినిమావాళ్ళు చెయ్యలేరు అనే మాట ఇంక నా దగ్గర చెల్లదు. చెయ్యాలనుకుంటే చేస్తారు.

మేడమ్‌గారూ, గిరీశం విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. హీరోకి ఉన్న పేరు పాత్ర మీద వచ్చి కూర్చుంటుంది. ఇందిరకీ జరిగింది అదేనేమో. సావిత్రికి ఇందిర పాత్ర ఇచ్చి ఉంటే? ఒక్కసారి ఊహించుకోండి. ‘మిస్సమ్మ’లో ఆ చిరచిరలాడే పిల్లని చేసిన మనిషికి ఇందిర ఒక లెక్కా! జనం కూడా ఒప్పుకునేవారు, ఎందుకంటే సావిత్రి ఏం చేసినా ఒప్పుకున్నారు. చేతిలో అంత మనిషిని పెట్టుకుని ఒద్దిక పాత్రకి వాడుకున్నారు. నాకు అసలు కడుపుమంట అక్కడే.

వచ్చే నెలకి ‘ఏకవీర’ తీసుకుంటున్నాం. మా వాళ్ళలో ఇద్దరికి విశ్వనాథ భాష అంటే ముందే భయం. విజయవాడలో ఎవరి దగ్గరైనా కాస్త పెద్ద అక్షరాలున్న ప్రింటు ఉంటే చెప్పండి, ఏలూరు రోడ్డు షాపుల్లో దొరుకుతుందా? కళ్ళజోడు మార్చుకోవాల్సిన వయసులో ఉన్నాం. ‘బెళదింగళ బాలె’ సబ్‌టైటిల్స్‌తో ఎక్కడుందో కూడా చెప్పు బాబూ.

---

గాంధీనగర్ పాత రిప్రజెంటేటివ్:

అమ్మా, సావిత్రిగారికి ఇందిర పాత్ర ఇచ్చుంటే మొదటి వారం కలెక్షన్లు నేను గ్యారంటీ. రెండో వారం సంగతి మీ మిల్లు ఆడవాళ్ళు చూసుకోవాలి.

ఏలూరు రోడ్డులో విశాలాంధ్రలో అడగండి. అక్కడ లేకపోతే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల వాళ్ళ దగ్గర వెతకాలి. నేను ఎటూ శనివారం అటు వెళ్తాను, చూసి ఇక్కడే రాస్తాను. పెద్ద అక్షరాలైతే కష్టం, భూతద్దం కూడా ఒకటి కొనుక్కోండి.

---

బ్రాడీపేట పాఠకురాలు:

భూతద్దం మా పెద్దక్క దగ్గర ఉంది. పుస్తకం దొరికితే మూడు కాపీలు తీసిపెట్టండి అన్నయ్యగారూ, డబ్బులు ఫోన్‌పే చేస్తాను.

---

గాంధీనగర్ పాత రిప్రజెంటేటివ్:

సరేనమ్మా. మరి ‘ఏకవీర’ సినిమా కూడా చూస్తారా?

---

బ్రాడీపేట పాఠకురాలు:

నవల పూర్తయ్యి, అందరం బాగా పోట్లాడుకున్నాక.